సున్నాయా? గైర్హాజరా?

పిల్లలూ, మార్కుల రిజిస్టరు మీరు చూసే ఉంటారు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక్కొక్క గడి ఉంటుంది. ఆ గడిలో 0 అని ఉంటే, పిల్లవాడు పరీక్షకు కూర్చుని ఒక్క లెక్క కూడా సరిగా చెయ్యలేదని అర్థం. "గై" అని ఉంటే, వాడు అసలు పరీక్షకే రాలేదని అర్థం. ఈ రెండూ ఒకటి కావు. కాని వీటి మధ్య ఉన్న తేడా నాకు బాగా బోధపడటానికి ఒక కుర్రవాడు దెబ్బలు తినవలసి వచ్చింది.

నేను పంతులుగా చేరిన కొత్తలో జరిగిన సంగతి ఇది. త్రైమాసిక పరీక్షలప్పుడు ఏడో తరగతి కుర్రవాడొకడికి గవదబిళ్ళలు వచ్చి, లెక్కల పరీక్షకు రాలేకపోయాడు. రిజిస్టరులో "గై" అనే రాశాను. కాని ప్రోగ్రెసు కార్డులు నింపేనాటికి నాకు తొందర ఎక్కువయింది. మార్కులన్నీ కూడాలి గదా, అక్షరాన్ని కూడటం ఎట్లా? ఆ గడిలో 0 వేసి కూడేశాను. కూడిక సరిపోయింది. కార్డులు పంచేశాను.

ఆ కుర్రవాడి తండ్రి కూలిపని చేసుకునేవాడు. ఆయనకు చదువు రాదు. కాని సున్నాను గుర్తుపట్టటానికి చదువెందుకు? కార్డు చూడగానే కొడుకును చింతబరికె తీసుకుని కొట్టి, "లెక్కల్లో సున్నా తెచ్చేవాడికి బడి దేనికిరా?" అని గొడ్ల వెంట పంపేశాడు. నాలుగో రోజున ఈ సంగతి తెలిసి నేను వాళ్ళ ఇంటికి వెళ్ళి, తప్పు వాడిది కాదనీ, నాదనీ చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "వాడు చెబుతూనే ఉన్నాడండీ, పరీక్షే రాయలేదని. నేను నమ్మలేదు," అన్నాడు తలవంచుకుని.

ఇన్నేళ్ళ తరవాత ఈ సంగతి మళ్ళీ గుర్తు రావటానికి కారణం కంప్యూటరు. మా మనవరాలు తొమ్మిదో తరగతి. పక్కింటి కుర్రవాడు ఎనిమిది. సెలవుల్లో వీళ్ళిద్దరూ ప్రోగ్రాములు రాయటం నేర్చుకుంటామన్నారు. అదీ మామూలు భాషలో కాదు, రస్ట్ అనే భాషలో. పంతులు పిల్లలకంటే ఒక్క పాఠం ముందుంటే చాలునని వెనక మా వాళ్ళు వేళాకోళంగా అనేవారు. నేను సరిగా ఒక్క పాఠం ముందుండి మొదలుపెట్టాను.

కంప్యూటరు భాషలన్నీ ఒక తరహావి కావు. కొన్ని భాషల్లో ఆటలూ, లెక్కలూ సులువుగా రాసుకోవచ్చు. మరికొన్నిటితో కంప్యూటరును నడిపించే ప్రోగ్రాములనే రాస్తారు. ఇంట్లో వాడే సామానుకూ, ఇంటి పునాదికీ ఉన్న తేడా అన్నమాట. పునాది వేసే భాషల్లో పేరుమోసినది సీ. అమెరికాలోని బెల్ లేబరేటరీలో డెనిస్ రిచీ 1970 తరవాత దాన్ని తయారుచేశాడు. నేటికీ లినక్స్ వంటి పెద్ద ప్రోగ్రాములలో ఎక్కువ భాగం సీ భాషలోనే ఉన్నది.

ఈ సీ భాషలో అక్షరాలుగా వచ్చినదాన్ని అంకెగా మార్చటానికి "ఏ టు ఐ" అనే పాత పనిముట్టు ఒకటి ఉన్నది. దానికి 12 అని ఇస్తే 12 ఇస్తుంది. "మామిడి" అని ఇస్తే ఏమిస్తుందో తెలుసునా? సున్నా ఇస్తుంది! నిజంగా 0 అని ఇచ్చినా సున్నాయే. తీసుకునేవాడికి ఇది అసలు సున్నాయో, మామిడి సున్నాయో తెలిసే దారి లేదు. ప్రోగ్రాము చక్కగా కూడుకుంటూ పోతుంది. ఆనాడు నేను కార్డు మీద చేసినది సరిగా ఇదే.

రస్ట్ పుట్టుక కథ కూడా తమాషాగా ఉంటుంది. 2006లో కెనడా దేశపు వాంకూవర్ నగరంలో గ్రేడన్ హోర్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో ఆయనకు ఉద్యోగం. ఒకరోజు ఇంటికి వచ్చేసరికి లిఫ్టు ఆగిపోయి ఉన్నది. లిఫ్టును నడిపే ప్రోగ్రాము చెడిపోయింది. ఆయన ఇల్లు 21వ అంతస్తులో! మెట్లన్నీ ఎక్కుతూ, ఒక లిఫ్టును కూడా సరిగా నడపలేని ప్రోగ్రాములు రాస్తున్నామేమిటా అని విసుక్కున్నాడట. అప్పుడు మొదలుపెట్టిన కొత్త భాషకు రస్ట్ అని పేరు పెట్టాడు. రస్ట్ అంటే తుప్పే గాని, ఆయన మనసులో ఉన్నది పంటలకు తుప్పు తెగులు తెచ్చే బూజు. ఎన్ని కష్టాలు వచ్చినా చావకుండా బతకటంలో దాన్ని మించినది లేదని! తరవాత మొజిల్లాలోని వాళ్ళూ, బయటివాళ్ళూ ఎందరో చెయ్యివేసి, 2015 మే 15న మొదటి పూర్తి రూపం విడుదల చేశారు. 2022 డిసెంబరు నుంచి లినక్స్ పునాదిలో కూడా దానికి కొంచెం చోటు దొరికింది.

ఇక మా పాఠానికి వద్దాం. మొదటి ప్రోగ్రాము చాలా చిన్నది. నీ వయస్సు ఎంత అని అడగాలి. జవాబుకు ఒకటి కలిపి, వచ్చే ఏడు నీకు ఇన్నేళ్ళు అని చెప్పాలి. మా మనవరాలు చకచకా రాసి, కంపైలరుకు ఇచ్చింది. కంపైలరంటే మనం రాసినదాన్ని యంత్రానికి తెలిసే భాషలోకి మార్చే ప్రోగ్రాము. మార్చేముందు మన రాతను పరీక్షాధికారిలాగా దిద్దుతుంది. అది ఒప్పుకోలేదు.

"తాతయ్యా, ఇది ఒకటి కూడనివ్వటం లేదు. నేనిచ్చింది అంకె కాదట. రిజల్ట్ అట!" అన్నది.

రిజల్ట్ అంటే మన బళ్ళలో ప్యాసు, ఫెయిలు. ఇక్కడా దాదాపు అంతే. రస్ట్‌లో చెడిపోయే అవకాశమున్న ఇట్లాంటి పని చెబితే, జవాబు విడిగా చేతిలో పెట్టదు. పొట్లం కట్టి ఇస్తుంది. పొట్లం మీద రెండు ముద్రల్లో ఏదో ఒకటి ఉంటుంది. "ఓకే" ముద్ర ఉంటే లోపల మనం అడిగిన వస్తువు ఉన్నది. "ఎర్" ముద్ర ఉంటే లోపల వస్తువు లేదు; ఎందుకు లేదో చెప్పే చీటీ ఉన్నది. మీ అమ్మ మిమ్మల్ని బెల్లం తెమ్మని కొట్టుకు పంపిందనుకోండి. మీరు బెల్లమైనా తేవాలి, "కొట్టు మూసి ఉన్నదమ్మా" అనే వార్త అయినా తేవాలి. ఏమీ మాట్లాడకుండా బెల్లం డబ్బాలో మట్టిగడ్డ పెట్టి ఊరుకుంటే, పాయసం తాగినప్పుడు గాని సంగతి తెలియదు. పొట్లం విప్పకుండా ఒకటి కూడతానంటే కంపైలరు ఎట్లా ఒప్పుకుంటుంది?

పక్కింటి కుర్రవాడు ఎక్కడ పట్టుకున్నాడో, "అన్‌వ్రాప్" అని చేరిస్తే చాలు మాస్టారూ, ఊరుకుంటుంది, అన్నాడు. నిజమే. అన్‌వ్రాప్ అంటే ముద్ర చూడకుండా పొట్లం చించెయ్యి అని. కంపైలరు ఊరుకున్నది. మా మనవరాలు ధీమాగా 12 అని కొట్టి ఎంటర్ నొక్కింది. ప్రోగ్రాము అక్కడికక్కడే కూలిపోయింది! రస్ట్‌లో దీన్ని పానిక్ అంటారు. చించిన పొట్లంలో వస్తువు లేకపోతే, ప్రోగ్రాము మరి ఒక్క అడుగు వెయ్యదు. కింద చీటీలోని మాట కనిపించింది: అంకె కానిదేదో ఇందులో ఉన్నదని.

12లో అంకె కానిది ఏముంది? పిల్లలిద్దరూ చాలాసేపు కొట్టుకున్నారు. నేను చెప్పలేదు. (ట్రైనింగులో నేర్చుకున్నవాటిలో నాకు నేటికీ పనికివచ్చేది ఇదొక్కటే: పిల్లవాడు సరైన చోట వెతుకుతున్నప్పుడు పంతులు నోరు మూసుకోవాలి.) చివరకు కుర్రవాడే కనిపెట్టాడు. 12 తరవాత నొక్కిన ఎంటర్ కూడా ఒక అక్షరమే, అదీ పొట్లంలోకి వెళ్ళింది! "ట్రిమ్" అనే మాట చేర్చి అటూ ఇటూ ఉన్న ఖాళీలు కత్తిరిస్తే 13 అని జవాబు వచ్చింది.

అక్కడినుంచి పిల్లలకు హుషారు పుట్టింది. ఎట్లా పాడుచెయ్యవచ్చునా అని పోటీ పెట్టుకున్నారు. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే, ఇచ్చినది ఖాళీగా ఉన్నదని చీటీ. "పన్నెండు" అని కొడితే, అంకె కానిది ఉన్నదని చీటీ. మా మనవరాలు పంచాంగంలో చూసి తెలుగు అంకెల్లో ౧౨ అని కొట్టింది. దానికీ అదే చీటీ! మన అంకెలు ఆ పనిముట్టుకు తెలియవు. వయస్సుకు మేము తీసుకున్న గడి "యూ ఎయిట్" అనే చిన్నరకం. దానిలో 0 నుంచి 255 వరకే పడుతుంది. కుర్రవాడు వాళ్ళ అవ్వ వయస్సు 300 అని కొడితే, సంఖ్య గడిలో పట్టనంత పెద్దదని చీటీ వచ్చింది. ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క కారణం. ఒట్టి సున్నా ఇందులో ఏ కారణాన్నీ చెప్పగలిగేది కాదు.

గడిలో పట్టని సంఖ్య అంటే నవ్వులాటగా ఉంటుంది గాని, దానివల్ల ఒక రాకెట్టే పోయింది. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని కూరూ నుంచి యూరపు దేశాలవాళ్ళు ఆరియాన్ 5 అనే కొత్త రాకెట్టును మొదటిసారి ఎగరేశారు. దానికి దారి చూపే ప్రోగ్రాములో ఒక భాగాన్ని పాత ఆరియాన్ 4 నుంచి ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టారు. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను 32,767 కంటే పట్టని గడిలో పెట్టాలి. పాత రాకెట్టుకు అది ఎన్నడూ దాటలేదు గనక, దాటితే ఏం చెయ్యాలో రాయలేదు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. దాటింది. దారి చూపే యంత్రం ఆగిపోయింది. దానికి తోడుగా మరొక యంత్రం ఉన్నది గాని, అందులోనూ అదే ప్రోగ్రాము, అదీ ఆగిపోయింది. ఎగిరిన 40 సెకన్లలోపల రాకెట్టు దారి తప్పి ముక్కలయింది. మనుషులు లేరు గనక ప్రాణాలు పోలేదు. నాలుగు ఉపగ్రహాలు పోయాయి.

ఈ కథ విని మా మనవరాలు, "అయితే అన్‌వ్రాప్ తప్పా, తాతయ్యా?" అని అడిగింది. ఇది మంచి ప్రశ్న. నేర్చుకునేటప్పుడు తప్పు కాదు. సున్నా వేసి ముందుకు పోవటం కంటే కూలిపోవటమే నయం. కూలిపోయినదాన్ని అందరూ చూస్తారు. తప్పుడు సున్నాను ఎవరూ చూడరు. కాని ప్రపంచమంతా నీ ప్రోగ్రాము మీద ఆనుకుని ఉన్నప్పుడు కూలిపోతే?

అట్లా కూడా జరిగింది. లోకంలోని వెబ్‌సైట్లలో చాలావాటికి ద్వారపాలకుడిలాగా నిలిచే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఉన్నది. వచ్చేవాడు మనిషో, మరయంత్రమో పసిగట్టటం దాని పనుల్లో ఒకటి. పసిగట్టే గుర్తుల పట్టిక ఒక ఫైలులో ఉంటుంది. గుర్తులు 200కు మించవని ప్రోగ్రాములో హద్దు పెట్టారు. మామూలుగా ఉండేవి 60 దాకా మాత్రమే. 2025 నవంబరు 18న మరెక్కడో చేసిన మార్పువల్ల ఆ ఫైలులోకి ఉన్న వరసలే మళ్ళీ మళ్ళీ వచ్చి, గుర్తులు హద్దు దాటినై. ఫైలు చదివే ప్రోగ్రాము రస్ట్‌లో రాసినదే. అది "ఎర్" ముద్ర వేసి పొట్లం ఇచ్చింది. అందుకున్న చోట అన్‌వ్రాప్ అని ఉన్నది! మన సాయంత్రం 5 గంటలకు కొంచెం ముందు మొదలై, రాత్రి 8 గంటల దాకా ఎన్నో దేశాల్లో ఎన్నో సైట్లు తెరుచుకోలేదు. ఆ కంపెనీవాళ్ళు ఆరోజే జరిగినదంతా, ఆ ఒక్క మాటతో సహా, అందరికీ విప్పి చెప్పారు. అది నాకు నచ్చింది.

మరి పొట్లాన్ని సరిగా విప్పటం ఎట్లా? దానికి "మ్యాచ్" అనే మాట ఉన్నది. "ఓకే" అయితే ఇట్లా చెయ్యి, "ఎర్" అయితే అట్లా చెయ్యి అని రెండు దారులూ రాయాలి. ఒకటే రాసి రెండోది ఎగ్గొడితే, కంపైలరు ఏ దారి రాయలేదో పేరుపెట్టి చూపించి, ముందుకు పోనివ్వదు. మా మనవరాలు "ఎర్" దారిలో, "అంకెల్లో చెప్పండి" అని మళ్ళీ అడిగేటట్టు రాసింది. వయస్సు అడిగే ప్రోగ్రాముకు అదే సరి. ఎదురుగా మనిషి ఉన్నాడు గనక అడగవచ్చు.

ఎదురుగా మనిషి లేనప్పుడు? దానికోసం మరొక సదుపాయం ఉన్నది. మాట చివర ఒక ప్రశ్నార్థకం "?" పెడితే చాలు. "ఓకే" అయితే వస్తువు తీసుకుని పని సాగిస్తుంది. "ఎర్" అయితే ఆ చీటీని, తనను పిలిచినవాడికి అందించి తప్పుకుంటుంది. బళ్ళో కిటికీ అద్దం పగిలితే అటెండరు గుమాస్తాకు చెబుతాడు, గుమాస్తా హెడ్మాస్టరుకు చెబుతాడు. అద్దం కొనే అధికారం ఉన్నచోట ఆ వార్త ఆగుతుంది. కుర్రవాడు ఇది విని సంబరపడి, అన్నిటికంటే పైన ఉండే "మెయిన్" అనే భాగంలో కూడా ప్రశ్నార్థకం పెట్టాడు. కంపైలరు ఒప్పుకోలేదు. నేను కూడా రిజల్ట్ ఇస్తానని మెయిన్ ముందుగా ఒప్పుకుంటే తప్ప, అక్కడినుంచి పైకి పంపటం చెల్లదు. "హెడ్మాస్టరు ఎవరికి చెబుతాడు, మాస్టారూ?" అన్నాడు నవ్వుతూ. నా ఉద్యోగంలో నన్ను చాలాకాలం బాధించిన ప్రశ్నే అది.

రెండో వారం వాళ్ళకు మార్కుల లెక్క ఇచ్చాను. అయిదుగురు పిల్లలు: 60, 70, గై, 50, 80. సగటు చెప్పాలి. వెనకటి కథ అప్పటికి వాళ్ళకు చెప్పలేదు.

కుర్రవాడు ముందు ముగించాడు. రస్ట్‌లో "అన్‌వ్రాప్ ఆర్" అని ఒకటి ఉన్నది. వస్తువు లేకపోతే దాని బదులు మనం చెప్పినది వేసుకుంటుంది. వాడు బదులుకు 0 చెప్పాడు. సగటు 52 వచ్చింది. కంపైలరు కిక్కురుమనలేదు. అందులో దానికి తప్పేమీ కనిపించదు. ఆ సున్నాను యంత్రం తనంతట తాను వెయ్యలేదు. వాడు చేతితో రాశాడు. సీ పనిముట్టుకూ దీనికీ ఉన్న తేడా అంతే. ఎవరైనా ఆ ప్రోగ్రాము చదివితే, సున్నా ఎక్కడ పుట్టిందో వేలుపెట్టి చూపించవచ్చు.

అప్పుడు నేను గవదబిళ్ళల కుర్రవాడి కథ చెప్పాను. కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత తన వరస కొట్టేసి మ్యాచ్‌తో మళ్ళీ రాశాడు. "ఓకే" అయితే మార్కు కూడి, మనిషిని లెక్కపెట్టాలి. "ఎర్" అయితే కూడకూడదు, లెక్కపెట్టకూడదు, కాని పేరు విడిగా రాసి ఉంచాలి. సగటు 65 రావాలి. రాలేదు; ప్రోగ్రాము కూలిపోయింది! నాలుగు మార్కులూ కూడితే 260. మొత్తానికి కూడా వాడు 255 పట్టే చిన్నగడినే తీసుకున్నాడు. పెద్దగడి తీసుకుంటే సరిపోయింది. ఇక్కడ మాత్రం నాకు ఈ భాష మీద కొంచెం కోపం వచ్చింది. పరీక్షించి చూసుకునేటప్పుడైతే ఇట్లా కూలిపోయి చెబుతుంది గాని, అదే ప్రోగ్రామును విడుదలకు సిద్ధంచేసే పద్ధతిలో కంపైలు చేస్తే, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, నోరు మెదపకుండా మొత్తం 4 అని చెబుతుంది.

మా మనవరాలు మరొకటి పట్టుకున్నది. 100కు పెట్టిన పరీక్షలో 250 మార్కులని కొడితే "ఓకే" ముద్రే పడుతుంది! ఇది అంకె అని మాత్రమే ఆ ముద్ర చెబుతుంది. 100 దాటితే తానే "ఎర్" ముద్ర వేసి ఇచ్చే చిన్న ఫంక్షను ఒకటి ఆ పిల్ల సొంతంగా రాసుకున్నది.

ఇప్పుడు వాళ్ళ ప్రోగ్రాము సగటు 65 అని చెప్పి, కింద "లెక్కలోకి రానివాళ్ళు: 1" అని రాసి, పేరూ, కారణమూ ఇస్తుంది. అది చూసి తృప్తిగా లేవబోతుంటే కుర్రవాడు, "మాస్టారూ, ఆరోజు అయిదుగురికీ గవదబిళ్ళలు వస్తే?" అన్నాడు. అయిదు సార్లు "గై" అని కొట్టి చూశాం. మొత్తం 0, మనుషులు 0, సున్నాతో భాగించమంటున్నారని చెప్పి ప్రోగ్రాము కూలిపోయింది. మా మనవరాలు వెనక్కి కూర్చుని, సగటు చెప్పే ఫంక్షనును కూడా పొట్లం ఇచ్చేటట్టు మార్చటం మొదలుపెట్టింది. ఆ "ఎర్" చీటీ మీద ఏమని రాయాలో ఇద్దరికీ ఇంకా కుదరలేదు.